వరంగల్ జైలు కూల్చి నాలుగేళ్లు కావస్తోంది, కొత్తది ఎక్కడ?

దేశాయిపేట పాతకాపు · 2 మార్చి 2025, ఉదయం 8.10

మొన్న శుక్రవారం, ఫిబ్రవరి 28న, మామునూరు విమానాశ్రయానికి కేంద్రం పచ్చజెండా ఊపిందని వార్త రాగానే మా వీధిలో లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను, అబద్ధం ఎందుకు. చేతికి అంటిన నెయ్యి తుడుచుకుంటుంటే పక్కింటి పెద్దాయన అడిగారు: "మామునూరులోనే జైలు కూడా కడతామన్నారు కదా, దాని సంగతి ఏమైంది?" వీధిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కొత్తగా చేరినవారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. వరంగల్ కేంద్ర కారాగారం నిజాం కాలంలో, 1886లో కట్టింది. 2021 మే 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎంజీఎం ఆసుపత్రిని చూడటానికి వచ్చి, జైలు స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కడతామన్నారు. జూన్ మొదట్లో ఖైదీలను బస్సుల్లో తరలించారు. అప్పట్లో లోపల దాదాపు 960 మంది ఉండేవారు. చర్లపల్లి, చంచల్‌గూడ, ఇంకా వేరే జిల్లాల జైళ్లకు పంచేశారు. జూన్ 21న ఆసుపత్రికి శంకుస్థాపన. అంటే మాట అన్న రోజు నుంచి పలుగు దిగి రాయి వేసిన రోజు వరకు సరిగ్గా నెల. 135 ఏళ్ల గోడకు అంతకంటే గడువు దొరకలేదు.

మా ఇంటికి జైలు గంట వినిపించేది. గంటగంటకూ కొట్టేవారు. చిన్నప్పుడు బడికి వేళయిందని అమ్మ గడియారం చూసి చెప్పేది కాదు, "జైల్లో తొమ్మిది కొట్టారు, ఇంకా అన్నం దగ్గరే ఉన్నావా" అనేది. గోడ కూల్చిన వారం మా డాబా మీద ఆరేసిన బట్టలన్నీ సున్నం రంగుకు తిరిగాయి.

కొత్త జైలు మామునూరు వైపు వంద ఎకరాలకు పైగా స్థలంలో కడతామన్నారు. ఇదిగో అదిగో అంటూ వాయిదా పడుతూనే ఉంది. ప్రభుత్వం మారింది, వాయిదా మారలేదు. పాతది పడగొట్టే ముందు కొత్తదానికి కనీసం పునాది తవ్వి ఉండాల్సింది కాదా?

ముక్కుసూటి · 8.25

మా ఊరికి బడి కావాలని ధర్నా చేసినవాళ్లను చూశాను, బస్సు కావాలని చేసినవాళ్లను చూశాను. జైలు కావాలని అడిగే ఊరు మనదొక్కటేనేమో.

మడికొండ మాస్టారు · 9.40

పాతకాపు గారూ, మీ జ్ఞాపకాల మీద నాకు గౌరవమే. కానీ గంట మోగలేదని బాధపడటానికి ముందు 2021 మే నెల ఎలా గడిచిందో ఒకసారి తలచుకోండి. కొవిడ్ రెండో అల. మా తోడల్లుడిని తీసుకుని నేను ఒకే రోజు మూడు ఆసుపత్రుల గుమ్మాలు ఎక్కి దిగాను. చివరికి ఒకచోట వరండాలో, చాప మీద చోటు దొరికింది. ఆ రాత్రి సిలిండర్ మీటరు ముల్లు చూస్తూ కూర్చున్నవాడికి ఎదురుగా అరవై ఎకరాల జైలు అవసరమా, ఆసుపత్రి అవసరమా అని అడిగితే ఏమంటాడు? నేను ఆసుపత్రే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆదిలాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి, అవతల సిరోంచ నుంచి కూడా రోగులు వచ్చేది వరంగల్‌కే.

ఖైదీని ఎక్కడైనా ఉంచవచ్చు. గుండెపోటు వచ్చినవాడిని హైదరాబాద్ దాకా తీసుకెళ్లలేము. డబ్బు ఉన్నప్పుడు జైలు కట్టుకోవచ్చు, వాయిదా వేస్తే కొంపలేమీ మునగవు.

దేశాయిపేట పాతకాపు · 10.05

మాస్టారూ, ఆసుపత్రి వద్దని నేనెక్కడా అనలేదు. అయినా అదీ ఇంకా తెరవలేదు కదా. 24 అంతస్తులు, రెండు వేల పడకలు, 1,100 కోట్లు అని మొదలుపెట్టారు. అంచనా 1,700 కోట్లు దాటిందని 2024 జూన్‌లో రేవంత్ రెడ్డి వచ్చినప్పుడు మండిపడి ఆడిట్‌కు ఆదేశించారు. జైలు పోయింది, ఆసుపత్రి అందలేదు. మధ్యలో మిగిలింది సిమెంటు దుమ్ము.

కొత్తవాడ మగ్గం · మధ్యాహ్నం 1.30

అందరూ గోడ గురించి, పడకల గురించి మాట్లాడుతున్నారు. లోపల జరిగిన పని గురించి ఎవరూ అనలేదు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. జైల్లో కూడా జంపఖానాలు నేసేవారని ఈ తరానికి అంతగా తెలియదు. మా పెదనాన్న దగ్గర ఒకాయన పని చేసేవాడు. పేరు చెప్పను, ఆయన పిల్లలు ఇక్కడే ఉన్నారు. లోపల పదేళ్లు ఉండి వచ్చిన మనిషి. వెళ్లినప్పుడు నాగలి తప్ప తెలియదు, వచ్చేటప్పటికి చేతిలో మగ్గం పని ఉంది. పడుగులోకి రంగు నూలు దూర్చి పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, కొట్టుకుంటూ వస్తుంటే అంచు గీత గీసినట్టు ఉండేది. మా పెదనాన్న ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. ఆయన కూడా "వీడి చెయ్యి తూకం వేసినట్టు పడుతుందిరా" అనేవారు.

ఒక్కటే వింత. సాయంత్రం గాలి ఇటు వీచినప్పుడు జైలు గంట మా ఇంటిదాకా వినిపించేది. వినగానే ఆయన పంజా కింద పెట్టి లేచి నిలబడేవాడు. లోపల ఆ వేళకు లెక్క తీసుకుంటారట. విడుదలై ఏళ్లు గడిచినా కాళ్లు వాటంతట అవే లేచేవి. మేము పిల్లలం నవ్వేవాళ్లం. ఒకసారి పెదనాన్న నా వీపు మీద ఒకటి వేశారు, ఆ తర్వాత నవ్వలేదు.

నేను చెప్పేది ఏమిటంటే, కేంద్ర కారాగారం అంటే తాళం వేసిన గది మాత్రమే కాదు. మగ్గాలు, బట్టల కుట్టుపని, వడ్రంగం, తోటపని ఉండేవి. జైలు బయట ఖైదీలే పెట్రోలు పోసే బంకు ఉండేది. అందరినీ పదిచోట్లకు పంచినప్పుడు మనుషులను లెక్కపెట్టి ఎక్కించి ఉంటారు. మగ్గాల లెక్క ఎవరు రాసుకున్నారు?

ఇందూరు రాతగాడు · 2.15

మా నిజామాబాద్‌లో పాత ఖిల్లా జైలును కూల్చకుండా ఉంచారు. దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన జైలు అది. కొత్త జైలు ఊరి బయట కట్టాకే ఖైదీలను మార్చారు. సంగారెడ్డిలో కూడా 1796 నాటి జైలును ప్రదర్శనశాల చేశారు, అయిదు వందలు కడితే ఒకరోజు ఖైదీలా ఉండి రావచ్చని 2016లో పెట్టారు. వరంగల్ వాళ్లే ఎందుకో తొందరపడ్డారు.

ముక్కుసూటి · 2.20

అయిదు వందలు కట్టి జైల్లో ఉండటమా! మా మేనమామ ఉచితంగా ఉండి వచ్చాడు, చిట్టీల గొడవలో.

గాడిపల్లి గట్టు · 4.50

మాది మామునూరు పక్కనే. మీరంతా విమానం, జైలు అంటుంటే నాకు నా పొలం గట్టు కనిపిస్తోంది. విమానాశ్రయానికి అదనంగా 253 ఎకరాలు కావాలి. నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి రైతులవి. పరిహారానికి గత నవంబరులో 205 కోట్లు మంజూరు చేశామన్నారు. ఎకరానికి ఎంత ఇస్తారన్న దాని మీదే మా రచ్చబండ నడుస్తోంది. దారి పోతుందని ఒకరు, బావి పోతుందని ఒకరు.

జైలు మాట మొదట వచ్చినప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "జైలు ఊరు" అని పేరు పడితే పిల్లలకు సంబంధాలు రావని వాళ్ల భయం. ఆ తర్వాత ఎవరో చెప్పారు, జైలు వస్తే సిబ్బంది ఇళ్లు వస్తాయి, రోజూ వందమంది చూడటానికి వస్తారు, హోటల్ పెట్టుకోవచ్చు అని. మా బామ్మర్ది అప్పుడే రేకుల షెడ్డు కూడా వేశాడు. ఇప్పుడు అందులో ఎడ్లకు గడ్డి దాస్తున్నాడు.

నా సందేహం వేరే. విమానాశ్రయం దగ్గర కాపలా బురుజులు, ఎత్తు గోడలు కట్టాలంటే ఎత్తుకు కూడా అనుమతి కావాలి కదా? రెండూ ఒకే దిక్కున పెట్టినప్పుడు ఒకదాని కోసం రెండోది ఆగుతుంది. ఏది ఆగుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. విమానం దిగితే ఫొటో వస్తుంది. జైలు ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించడానికి ఏ నాయకుడు ఉబలాటపడతాడు?

లీడ్స్‌లో ఓరుగల్లు · రాత్రి 9.30

నేను హన్మకొండ వాడినే, పదకొండేళ్లుగా బ్రిటన్‌లో ఉంటున్నాను. గాడిపల్లి అన్న చివర అన్న మాట ఇక్కడా నిజమే.

ఇక్కడి ప్రభుత్వం 2020ల మధ్యకల్లా కొత్తగా ఇరవై వేల మందికి జైలు చోటు కల్పిస్తామని మాట ఇచ్చింది. మొన్న డిసెంబరులో ఇక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్కలు బయటపెట్టింది. గడువు 2031కి జరిగింది. ఖర్చు అనుకున్న దానికంటే కనీసం 420 కోట్ల పౌండ్లు పెరుగుతుంది. కారణాల్లో ఒకటి, ఊళ్లవాళ్లు మా దగ్గర జైలు వద్దనడం, స్థానిక అనుమతులు రాకపోవడం. ఈలోగా ఉన్న జైళ్లు నిండిపోయాయి. 2024 సెప్టెంబరు 10 నుంచి కొన్ని రకాల నేరాల వాళ్లను శిక్షలో సగానికి బదులు 40 శాతం పూర్తవగానే వదలడం మొదలుపెట్టారు. మొదటి రోజు జైలు గేటు ముందు ఒకడు సీసా పొంగిస్తున్న ఫొటోలు చూసి జనం తిట్టిపోశారు.

అయితే తేడా ఉంది. ఇక్కడ ఖైదీలు ఎక్కువై గోడలు చాలలేదు. మన దగ్గర దేశం మొత్తం మీద 2022లో జైళ్లు 131 శాతం నిండి ఉన్నా, తెలంగాణలో సామర్థ్యం కంటే ఖైదీలు తక్కువే. కొన్ని సబ్‌జైళ్లను మనుషులు లేరని మూసేశారు కూడా. అంటే ప్రభుత్వం దృష్టిలో తొందర లేదు. లెక్క ప్రకారం అందరికీ చోటు ఉంది. ఆ చోటు ఎక్కడ ఉందన్నది ఆ లెక్కలో కనిపించదు.

మడికొండ మాస్టారు · 9.55

నేను అన్నదీ అదే కదా బాబూ. చోటు ఉంది. మరి వంద ఎకరాల్లో వందల కోట్లు ఎందుకు పోయాలి?

ఏటూరునాగారం అక్క · 3 మార్చి, ఉదయం 6.05

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నిన్న రాత్రి మాస్టారు రాసిన "ఖైదీని ఎక్కడైనా ఉంచవచ్చు" అన్న మాట చదివాక నిద్ర పట్టలేదు.

మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు. అయిదు నెలలు దాటింది. పొలాల్లో మోటార్లు పోయిన కేసు. చేశాడో లేదో కోర్టు చెబుతుంది, నేను చెప్పను. వాడిని ఉంచింది హైదరాబాద్ వైపు ఒక జైల్లో.

మా ఊరి నుంచి వరంగల్‌కే వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి ఇంకో నూట నలభై. పాత జైలు ఉండి ఉంటే పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి చూసి రాత్రికి ఇంట్లో ఉండేవాళ్లం. ఇప్పుడు రెండు రోజుల పని. ముందురోజు సాయంత్రం బయలుదేరి హన్మకొండ బస్టాండులో కూర్చుంటాం. తెల్లవారుజామున కాజీపేటలో రైలు. ఇద్దరి కూలీ రెండు రోజులది పోతుంది, చార్జీలు కాక.

పోయిన నెల ఏమైందో చెప్తాను. అమ్మ నువ్వుల లడ్లు చేసింది. ఇంట్లో వండినవి తీసుకోరని నేను ముందే చెప్పాను. "అడిగి చూద్దాం, వాళ్లకూ అమ్మలు ఉంటారు కదా" అంది. గేటు దగ్గర తీసుకోలేదు. అది వాళ్ల నియమం, వాళ్లను అనను. తర్వాత అమ్మ ఆధార్ కార్డు అడిగారు. అమ్మ చీర కొంగు విప్పింది, రవిక చూసుకుంది, సంచి అంతా కింద పోసింది. రెండు చీరలు, తమ్ముడికి తెచ్చిన బనియన్లు, లడ్ల డబ్బా, మందుల చీటీ. కార్డు లేదు. రైల్లో పడిపోయిందో, ఇంట్లోనే మరిచిందో. నన్నొక్కదాన్నే పంపారు. అద్దానికి ఇటు నేను, అటు వాడు, చేతిలో ఫోను. వాడు అడిగిన మొదటి మాట "అమ్మ రాలేదా?" గేటు బయటే కూర్చుంది అని చెబితే వాడు ఫోను పట్టుకుని ఊరికే ఉండిపోయాడు. ఉన్న కాసేపట్లో సగం అలాగే పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ లడ్లు ఎదుటి సీట్లో పిల్లలకు పంచింది అమ్మ.

బెయిల్ వచ్చి రెండు నెలలు అయింది. ఇద్దరు జామీనుదారులు కావాలట, ఆస్తి కాగితాలతో. మాకు జామీను ఎవరు పడతారు?

నిర్వాహకుడు · 6.50

అక్కా, ధైర్యంగా రాశారు. దయచేసి కేసు నంబరు, పేర్లు, పోలీసు స్టేషన్ వివరాలు ఇక్కడ పెట్టకండి. సభ్యులు కూడా అడగవద్దు.

హన్మకొండ వకీలు · 7.45

కోర్టుకు వెళ్లే ముందు రాస్తున్నాను, అక్షరదోషాలు మన్నించండి.

అక్కా, మీ పోస్టులో అందరికంటే ముఖ్యమైన వాక్యం చివరిది. బెయిల్ వచ్చి రెండు నెలలైనా మనిషి లోపలే ఉన్నాడు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇలాంటి వాళ్ల గురించే ఆదేశాలు ఇచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోగా పూచీకత్తులు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. సొంత జిల్లా మనిషి జామీను ఉండాలన్న షరతు వల్ల కూడా చాలామంది ఇరుక్కుంటారు, దాని గురించీ అందులో చెప్పారు. పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. విచారణ ఖైదీకి నలభై వేల రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి పాతిక వేల దాకా ఇస్తామని పథకం మొదలుపెట్టినప్పుడు చెప్పారు.

మీరు చేయాల్సిందల్లా మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు బెయిల్ ఉత్తర్వు నకలుతో వెళ్లడం. ఫీజు ఉండదు. షరతు సడలించమని దరఖాస్తు వేయించండి.

ఇంకొక దారి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479 సెక్షన్. ఇదివరకు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే విడుదలకు అర్హుడు. మిగతావాళ్లకు సగం. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్లకూ వర్తించదు. ఆ చట్టం రాకముందు నమోదైన పాత కేసులకు కూడా వర్తిస్తుందని పోయిన ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. మీ తమ్ముడికి అయిదు నెలలే కాబట్టి ఇప్పుడే అది పనికిరాకపోవచ్చు. ముందు జామీను సంగతి చూడండి.

ఇక అసలు చర్చకు వస్తాను. మాస్టారూ, దూరం అంటే చార్జీలే కాదు. దేశం మొత్తం మీద 2022లో జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే, శిక్ష పడనివాళ్లు. మొదటిసారి హాజరు తర్వాత రిమాండ్ పొడిగింపుకు వీడియోలో చూపిస్తే సరిపోతుంది. విచారణ మొదలయ్యాక మనిషిని ఎదురుగా నిలబెట్టాల్సిన రోజులు వస్తాయి. ఆ రోజుకు ఎస్కార్టు పోలీసులు దొరకాలి, వాహనం దొరకాలి, రెండు వందల యాభై కిలోమీటర్లు రావాలి, మళ్లీ వెళ్లాలి. బందోబస్తు ఏదైనా పడితే మొదట ఆగేది ఎస్కార్టే. "ఎస్కార్టు లేనందున ముద్దాయి హాజరు కాలేదు" అని డాకెట్ షీటులో ఒక వరుస రాస్తారు, వాయిదా పడుతుంది. పనులు మానుకుని వచ్చిన సాక్షులు తిరిగి వెళ్తారు, మళ్లీ పిలిస్తే రారు. జైలు నిర్మాణం ఒకసారి వాయిదా పడితే, కోర్టులో ఇలాంటి వాయిదాలు ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో మాట. వకాలత్ మీద సంతకం పెట్టించుకోవడానికి, కేసు గురించి క్లయింటును రెండు ప్రశ్నలు అడగడానికి కూడా నేను ఒక రోజు పెట్టాలి. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు ఎన్నిసార్లు వెళ్తాడు? పాత జైలు ఉన్నప్పుడు కోర్టు అయ్యాక బండి మీద వెళ్లి సాయంత్రంలోపు మాట్లాడి వచ్చేవాళ్లం.

ఖైదీలను వీలైనంత వరకు ఇంటికి దగ్గరి జైల్లో ఉంచాలని ఐక్యరాజ్యసమితి 2015 నాటి నెల్సన్ మండేలా నియమాల్లో 59వది చెబుతుంది. మన చట్టసభలు ఆమోదించిన చట్టం కాదది, అయినా మాట సరైనదే.

ముక్కుసూటి · 8.00

నిన్నటి నా జోకులు వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్తవాడ మగ్గం · 8.40

వకీలు సార్, మీరు చెప్పేదాన్ని బట్టి రిమాండ్ వాళ్లకు ఒక చిన్న జైలు ఉంటే సగం గొడవ తీరుతుంది కదా? వంద ఎకరాలు, కేంద్ర కారాగారం అని పట్టుబట్టడం ఎందుకు?

హన్మకొండ వకీలు · సాయంత్రం 6.30

నా అభిప్రాయం కూడా అదే, మా న్యాయవాదుల సంఘంలో అందరూ ఒప్పుకోరు. కేంద్ర కారాగారం అంటే ప్రధానంగా దీర్ఘ శిక్షలు పడ్డవాళ్లకు. దానికి పరిశ్రమ, పొలం, ఆసుపత్రి అన్నీ కావాలి, పెద్ద స్థలం కావాలి. అది ఆలస్యమైతే అయింది. విచారణ ఖైదీలకు మాత్రం ఉమ్మడి వరంగల్ కోర్టులకు అందుబాటులో వేరే ఏర్పాటు ముందుగా చేయవచ్చు. రెండింటినీ ఒకే ఫైలులో కట్టేశారు కాబట్టి, పెద్దది కదలకపోతే చిన్నదీ కదలదు.

దేశాయిపేట పాతకాపు · 7.15

నేను గంట గురించి రాసి ఈ చర్చ మొదలుపెట్టాను. అక్క రాసింది చదివాక సిగ్గనిపించింది. నాలుగేళ్లుగా ఆ దారిలో వెళ్తూ పడిపోయిన గోడ గురించే బాధపడ్డాను. ఆ గేటు ముందు చెట్టు కింద ఎప్పుడూ సంచులతో ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు. వాళ్లంతా ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారన్నది ఒక్కసారీ తట్టలేదు.

లీడ్స్‌లో ఓరుగల్లు · 8.50

అక్కా, ఈ-ములాఖత్ అని ఒకటి ఉంది, జాతీయ జైళ్ల సమాచార పోర్టల్‌లో. ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఏ రోజు వెళ్లాలో తెలుస్తుంది, కొన్ని జైళ్లలో వీడియోలో మాట్లాడటానికి కూడా అడగవచ్చు. ఫోనుకు ఓటీపీ వస్తుంది.

ఏటూరునాగారం అక్క · 9.20

పేరు ముందే నమోదు చేశాను, పక్కింటి అబ్బాయి చేసిపెట్టాడు. వీడియో అంటే మా దగ్గర సిగ్నల్ గోదావరి గట్టు మీదే వస్తుంది తమ్ముడూ. అమ్మకు ఫోనులో ముఖం చూస్తే చాలదు, మనిషిని చూడాలి అంటుంది.

వకీలు సార్, మీరు చెప్పినవి కాగితం మీద రాసుకున్నాను. బుధవారం జిల్లా కోర్టుకు వెళ్తాను. శనివారం ములాఖత్ ఉంది. అమ్మ ఆధార్ కొత్తది తీయించాం.

మడికొండ మాస్టారు · 10.10

ఆసుపత్రి కావాలన్న మాట నేను ఇప్పుడూ వెనక్కి తీసుకోను. "ఎక్కడైనా ఉంచవచ్చు" అన్నది తీసుకుంటున్నాను.

అమ్మా, శుక్రవారం రాత్రి హన్మకొండ బస్టాండులో కూర్చోవద్దు. మడికొండ నుంచి కాజీపేట స్టేషనుకు ఆటోలో ఎంతోసేపు పట్టదు. మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంటుంది, ఇంట్లో మా ఆవిడ ఉంటుంది. పడుకుని తెల్లవారుజామున వెళ్లండి, ఆటో నేను మాట్లాడతాను.

నిర్వాహకుడు · 10.15

మాస్టారూ, చిరునామా, ఫోను నంబరు ఇక్కడ కాకుండా సందేశంలో పంపండి.

ఏటూరునాగారం అక్క · 10.40

సందేశం వచ్చింది మాస్టారూ. ఎనిమిదింటికి బస్సు దిగుతాం. అన్నం వండించకండి, అమ్మ సద్ది కట్టుకుంటుంది. ఆవిడ కారం తినదు, మజ్జిగ ఉంటే చాలు.